కైర్గెల్ది ఇచ్చిన ఉప్పునీళ్లు

కైర్గెల్ది మనిషి కాడు. నా భార్య చెల్లెలి మొగుడు కాబట్టి ఇంతకన్నా పెద్ద మాట రాయలేకపోతున్నాను. మా బొగ్గు గనుల ఊరు కరగందాలో తోడల్లుళ్లు ఒకరినొకరు ‘బాజా’ అని పిలుచుకుంటారు. ఎదురుపడితే ఒకరి మీద ఒకరు జోకులేసుకోవాలి, అది ఆచారం. కానీ జోకులేసేవాడు భూమి అడగడు. వీడు అడిగాడు. ఎలాంటి సమయంలో అడిగాడో రాస్తున్నాను, చదివి మీరే చెప్పండి.

నేను ఎనిమిదో క్లాసుతో బడి మానేసి బొగ్గు గనిలో దిగాను. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని డాక్టర్లు బయటికి పంపేదాకా అక్కడే ఉన్నాను. గనివాళ్లు ఇచ్చిన పరిహారంతో ఏం చేస్తావని ఊరంతా అడిగింది. కైర్గెల్ది అయితే నేను కొనాల్సిన కారు రంగు కూడా చెప్పాడు. నేను సముద్రం కొన్నాను.

నవ్వకండి. నా భార్య బాగిలా పుట్టినరోజుకి రాజధానికి వెళ్లాం. అక్కడ ఒక పెద్ద భవనంలో గాజు గోడల వెనక సముద్రాన్ని పెంచుతున్నారు. బాగిలా షార్కులు చూడాలని ముందుకు పోయింది. నేను ఒక మూల చిన్న తొట్టి దగ్గర ఆగిపోయాను. రాళ్ల మీద ఊదా, ఆకుపచ్చ, లేత గులాబీ రంగుల్లో ఏవో ఉన్నాయి. పువ్వులా అంటే పువ్వులు కావు, పురుగులా అంటే పురుగులు కావు. పగడాలట. అందులో ఒకటి చిన్న చిన్న చేతులు బోలెడు చాచి, పిడికిలి మూసి, మళ్లీ చాచి, మళ్లీ మూసి... ఊపిరి తీస్తున్నట్టే ఉంది. నా ఊపిరి కన్నా బాగా తీస్తోంది. జీవితమంతా నల్లటి గోడ చూసిన కళ్లు నావి. కాపలావాడు వచ్చి “తాతా, మూసేస్తున్నాం” అనేదాకా కదల్లేదు. నన్ను తాతా అన్నాడన్న కోపం కూడా రాలేదంటే చూసుకోండి.

మా ఊళ్లో ఉప్పునీటి చేపలు పెంచే మనిషి ఒక్కడే, రూడిక్. జర్మన్‌వాడు. వాళ్లవాళ్లంతా ఎప్పుడో జర్మనీ వెళ్లిపోయారు. “నువ్వెందుకు పోలేదురా?” అంటే తన తొట్టి వైపు వేలు చూపించి, “దీన్ని విమానం ఎక్కనివ్వలేదన్నా” అంటాడు.

“ఎంత పెద్దది కావాలి తొక్తార్ అన్నా?” అని అడిగాడు.

“గోడంత.”

“మంచిది. పెద్దదే సులువు. చిన్న తొట్టిలో ఒక చేప చచ్చిందంటే నీళ్లన్నీ పాడు. పెద్దదాంట్లో నువ్వు తప్పు చేసినా సముద్రం కాస్త ఓర్చుకుంటుంది. అది సరే, నీకు బద్ధకం ఉందా?”

“మా ఆవిణ్ణి అడుగు.”

“అయితే నీకు పనికొస్తుంది. రోజూ చెయ్యి పెట్టి కెలికేవాడు వీటిని చంపుతాడు. జేబులో చేతులు పెట్టుకుని చూసేవాడి దగ్గర బతుకుతాయి.”

వాడు చెప్పిన పద్ధతిలో యంత్రాలు తక్కువ. ఎండు రాళ్లు బోలెడు, వాటి మధ్య వాడి తొట్టిలోంచి తెచ్చిన బతికున్న రాళ్లు కొన్ని. వాటి రంధ్రాల్లో కంటికి కనపడని ప్రాణులుంటాయి, మురికిని అవే తినేస్తాయి. కింద ఇంకో తొట్టి, అందులో సముద్రపు పాచి. చేపల మలమే దానికి ఎరువు, అది పెరిగితే ఒక గుప్పెడు పీకి పారేయడమే నా పని. నీళ్లు కదలడానికి రెండు చిన్న మోటార్లు, వెచ్చగా ఉండడానికి హీటరు. ఆవిరైపోయిన నీటి బదులు మంచినీళ్లు వదలడానికి ఒక పీపా, ఒక బంతి. బాత్రూమ్ ట్యాంకులో తేలే బంతే. ఇంతే! ఇంత సులువైనదాన్ని ఈ దేశంలో ఎవరూ నాకు ముందే ఎందుకు చెప్పలేదని కోపం వచ్చింది.

మాది గనివాళ్ల పేటలో సొంత ఇల్లు. వీధి కింద ఏ సొరంగం ఎటు పోతుందో నాకు తెలుసు, తవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ముందుగది కింద గట్టి నేల. అయినా గదిలో పరిచిన చెక్క పలకలు కోసి కాంక్రీటు పోశాను. ఇనప బల్ల నేనే వెల్డింగ్ చేశాను. గాజుతొట్టి దింపుతుంటే ఆరుగురు మగాళ్లు మూలిగారు. సరిగ్గా అప్పుడొచ్చాడు కైర్గెల్ది, కొత్త తోలు కోటేసుకుని.

“ఏంటి బాజా ఇది, గుర్రానికి శవపేటికా?”

“నీకే చేయించాను. పడుకో, కొలత చూద్దాం.”

“నేను పడుకుంటే నీ సముద్రానికి చోటుండదు.” వాడు గాజు మీద తట్టి చూశాడు. “డబ్బు చాలకపోతే మొహమాటపడకు. నీ దాచా నాకిచ్చెయ్యి. నేను బాన్యా కట్టుకుంటాను.”

దాచా అంటే ఊరవతల మా తోట జాగా. వాడి జాగా, నా జాగా పక్కపక్కన. మధ్యలో నేను వేసిన ఆపిల్ చెట్లు. మూడేళ్లుగా వాడి కన్ను దాని మీదే. అక్కడ ఆవిరి స్నానాల గది కట్టి, పై అధికారుల్ని పిలిచి, వీపులు తోమి, ఉద్యోగంలో ఇంకో మెట్టు ఎక్కాలని వాడి ఆశ.

“బాగిలా దోసకాయలు ఎక్కడ వేస్తుంది, నీ నెత్తి మీదా?” అన్నాను. వాడు నవ్వుకుంటూ పోయాడు.

నీళ్లు వడగట్టి, అల్మాతీ నించి తెప్పించిన సముద్రపు ఉప్పు కలిపి తొట్టి నింపాం. దాని తర్వాత రూడిక్ ఒక్క ప్రాణిని కూడా వేయనివ్వలేదు, వారాల తరబడి. రాళ్లకి గోధుమరంగు జిగురు పట్టింది. “కడగనా?” అంటే “జేబులో చేతులు” అన్నాడు. జిగురు పోయి పచ్చగా నాచు వచ్చింది. “గీకనా?” “జేబులో!” చుట్టాలు వచ్చేవాళ్లు. రాళ్లని చూసి, నన్ను చూసి, బాగిలా చెయ్యి పట్టుకుని జాలిగా నిమిరి పోయేవాళ్లు.

ఒక ఉదయం టీ గిన్నెతో కూర్చున్నాను. ఒక రాతి కన్నంలోంచి వెంట్రుక లాంటి తెల్లటి కాలు బయటికొచ్చింది. ఇంకోటి. ఇంకోటి! గోరంత నక్షత్రం, ఐదు కాళ్లతో గాజు మీద పాకడం మొదలెట్టింది.

“బాగిలా! ఏయ్ బాగిలా!”

పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. “ఏమయ్యా, దగ్గొచ్చిందా?”

“చూడు! నక్షత్రం!”

“ఎవరు వేశారు దీన్ని?”

“ఎవరూ వేయలేదు! దానంతటదే వచ్చింది! రాతిలోంచి పుట్టింది!”

బాగిలా గాజుకి ముక్కు ఆనించింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఇద్దరం లేవలేదు. ఆ రోజు నించి ఆవిడ చుట్టాల జాలి తీసుకోవడం మానేసింది.

తర్వాత నత్తలొచ్చాయి. ఎర్రటి వీపు మీద తెల్ల చారతో రెండు రొయ్యలు. తోలులాంటి పగడం, పుట్టగొడుగుల్లాంటి పగడాలు, నారింజరంగు మీద తెల్లచారల చేపల జంట. చివరికి రూడిక్ తన తొట్టిలోంచి ఒక ముక్క కోసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కోటు లోపల గుండెకి ఆనించి తెచ్చాడు. పిడికిళ్ల పగడం! రాజధానిలో నన్ను నిలబెట్టేసింది ఇదే. మొదట ముడుచుకుని కూర్చుంది. భోజనం అయ్యేసరికి ఒక చెయ్యి చాచింది, సాయంత్రానికి అన్నీ చాచి, మూసి, చాచి, మూసి! బయట మైనస్ ముప్ఫై. కిటికీ అద్దాల లోపలి వైపు కూడా మంచు ఈకలు కట్టింది. నా గదిలో వెచ్చటి సముద్రం ఊపిరి తీస్తోంది. నేను, నా పాడైపోయిన ఛాతీ, దాని ఎదుట కూర్చుని దాని లెక్కకి ఊపిరి కలుపుతున్నాం. నమ్మండి, దగ్గు తగ్గింది.

కొత్త కోడల్నిగానీ, పుట్టిన బిడ్డనిగానీ మొదటిసారి చూసినవాళ్లు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి మాలో. సముద్రానికి కూడా ఆ మర్యాద జరగాలని బాగిలా పట్టుబట్టి అందర్నీ పిలిచింది. గుర్రపు మాంసం ఉడికింది. పల్లె నించి మా అత్తగారు ఉల్బాలా వచ్చింది. పెద్దావిడ, తెల్ల తలగుడ్డ, వెల్వెట్ కోటు, లోతైన జేబులు.

“ఇదేంటి అల్లుడూ, ఈ పువ్వు ఆ చేపని మింగుతోందా?”

“లేదత్తమ్మా, అది దాని పరుపు. పడుకుంటోంది.”

“పువ్వులో పడుకుంటుందా!” ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎనభై ఏళ్లొచ్చాయి, సముద్రం చూడకుండానే పోతాననుకున్నా. నా అల్లుడు నా కాళ్ల దగ్గరికి తెచ్చాడు!”

అని, జేబులో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, చల్లేసింది.

సంతోషం పట్టలేకపోతే మా పెద్ద ఆడవాళ్లు చేసే పని ఇదే. షాషు అంటాం. పెళ్లికూతురి మీద, కొత్తింటి మీద, పరీక్ష పాసైన పిల్లల మీద చాక్లెట్లు, ఎండు పెరుగు ఉండలు, చిల్లర నాణేలు గుప్పిళ్లతో చల్లుతారు. ఏరుకున్నవాళ్లకి అదృష్టం. కానీ నా తొట్టికి మూత లేదు. టపటపమని అన్నీ సముద్రంలో పడ్డాయి. చేపలు రాళ్ల సందుల్లోకి దూరాయి. నేను నోరు తెరిచేలోగా కైర్గెల్ది చప్పట్లు కొట్టాడు.

“ఇంకో గుప్పెడు అత్తమ్మా! ఆ మూల చేపలకి అందలేదు!”

ఆవిడ పాపం ఇంకో గుప్పెడు చల్లింది. షాషు చల్లే పెద్దదాన్ని వద్దనేవాడు మా జాతిలో పుట్టలేదు. నేను పళ్లికిలించి, చొక్కా చేతులు మడిచి, బాగిలా జల్లిగరిటె తీసుకుని దేవాను. చాక్లెట్లు వచ్చాయి, ఉండలు వచ్చాయి, నాణేలు వచ్చాయి. అన్నీ వచ్చేశాయనుకున్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున లేచి చూస్తే నత్తలు గాజు మీంచి ఊడి ఇసకలో వెల్లకిలా పడున్నాయి. ఒక రొయ్య పక్కకి ఒరిగిపోయింది. పిడికిళ్ల పగడం బిగించిన పిడికిలి తెరవడం లేదు. రూడిక్‌కి ఫోన్ చేస్తే మంచు తుఫానులో నడిచొచ్చాడు. కనుబొమ్మలు గడ్డకట్టి ఉన్నాయి.

“లోపల ఇనుముగానీ, రాగిగానీ ఏమన్నా పడిందా?”

షాషు సంగతి చెప్పాను.

“నాణేలన్నీ తీశావా?”

“తీశాను.”

“ఎన్ని వేసిందో తెలుసా?”

“షాషు లెక్కపెట్టి చల్లుతారట్రా ఎవరన్నా!”

వాడు మోచేతి దాకా చెయ్యి దింపి రాయి ఎత్తాడు. కింద నాణేలు. రాళ్ల వెనక నాణేలు. అంచులు పచ్చబడిపోయాయి. “రాగి కలిసిన లోహం. మనకేం కాదు. వీటికి విషం.” ఏరి బకెట్లో పడేశాడు. “ఇప్పుడు బొగ్గు పెట్టాలి.”

“బొగ్గా?” నాకు ఒళ్లు మండింది. “ఆ బొగ్గు వల్లే కదరా నేనిట్లా అయ్యాను!”

“నీ గనిది కాదన్నా. నీళ్లు శుభ్రం చేసే బొగ్గు, నా సంచిలో ఉంది. కానీ అది ఒక్కటే చాలదు. ఈ నీళ్లు ముప్పాతిక వంతు ఇవాళే తీసేసి కొత్తవి పొయ్యాలి. రేపటిదాకా ఆగితే ఏదీ మిగలదు.”

ఉప్పు లేదు. రూడిక్ దగ్గర అర బస్తా. అల్మాతీ రోడ్డు తుఫానుకి మూసేశారు. పగడం ముడుచుకుని నల్లబడుతోంది. నాకు మళ్లీ దగ్గొచ్చింది. అప్పుడు రూడిక్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు.

“అన్నా, చెప్పొద్దన్నాడు గానీ... ఈ ఊళ్లో సముద్రం ఇంకోటుంది. రాళ్లు తప్ప ప్రాణి లేదు. నీళ్లు కలిపి, వేడి చేసి, వారంగా తిరుగుతున్నాయి.”

“ఎవరిది?”

“మీ బాజాది.”

మూడు వీధులవతల వాడిల్లు. తలుపు నెట్టుకుని వెళ్లాను. ముందుగదిలో తొట్టి. నాదాని కన్నా జానెడు పొడుగు! కావాలనే జానెడు పొడుగు చేయించాడు దొంగ. కైర్గెల్ది బనీనులో ఉన్నాడు, మొహం ఎర్రబడింది.

“ఇదా... ఊరికే... నీకు చూపించి ఆశ్చర్యపరుద్దామని.”

“చూశాను. ఆశ్చర్యపోయాను. నీళ్లియ్యి.” జరిగింది చెప్పాను.

వాడు తొట్టి చూశాడు. నన్ను చూశాడు. గడ్డం గోక్కున్నాడు. వాడు గడ్డం గోక్కుంటే ఎవడిదో ఏదో పోతుందని నాకు తెలుసు.

“మొత్తం తోడుకో బాజా. బొట్టు కూడా ఉంచకు. దాచా ఇయ్యి.”

“నీళ్లకి భూమి అడుగుతావట్రా!”

“నీళ్లయితే ఊరికే ఇద్దును. ఇది సముద్రం.”

“అత్తమ్మకి చెప్తాను.”

“చెప్పు. ఎవరు చల్లిన చిల్లరకి చచ్చాయో కూడా చెప్పాల్సొస్తుంది. పాపం ముసలావిడ, ఇంక ఏ పెళ్లిలోనూ గుప్పిట తెరవదు.”

రెండో గుప్పెడు చల్లించినవాడు ఈ మాట అంటున్నాడు! వాడి గొంతు పట్టుకుందామనుకున్నాను. కానీ మాట మాత్రం నిజం. ఆవిడకి తెలియకూడదు. నేను వేసిన ఆపిల్ చెట్లు కళ్ల ముందుకొచ్చాయి. ఇప్పుడు పార పట్టలేనని, నాలుగు దెబ్బలకే దగ్గొస్తుందని కూడా గుర్తొచ్చింది. కానీ దోసకాయల మళ్లు బాగిలావి. ఫోన్ చేశాను. గొంతు తగ్గించి సంగతి చెప్పాను. ఆవిడ సగం కూడా విన్లేదు.

“రెండో రొయ్య ఇంకా మీసాలు కదుపుతోందయ్యా! నువ్వక్కడ నిలబడి బేరమాడుతున్నావా? ఇచ్చెయ్యి! దోసకాయలు బజార్లో దొరుకుతాయి!”

చెయ్యి కలిపాను. వాడు నా చెయ్యి నలిగేలా నొక్కాడు.

దాని తర్వాత జరిగింది ఈ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. క్యాబేజీ ఊరబెట్టే ప్లాస్టిక్ పీపాలన్నీ వీధివీధంతా ఇచ్చింది. పీపాలకి దుప్పట్లు చుట్టాం, వాటి మీద ఉన్ని తివాచీలు చుట్టాం. కైర్గెల్ది తన మినీబస్సులోంచి సీట్లు పీకేశాడు. తుఫాను విసిరికొడుతుంటే వెచ్చటి సముద్రం కరగందా వీధుల్లో బయల్దేరింది! మలుపు దగ్గర బండి జారింది. వెనక పీపాలు పట్టుకుని కూర్చున్న నా ఒళ్లోకి ఉప్పునీళ్లు చిమ్మాయి.

“ఏంటా చప్పుడు?” అని అరిచాడు ముందు నించి.

“నా ఆపిల్ చెట్టొకటి ఒలికింది! మెల్లిగా పోనీరా!”

“తడిసింది నీ ప్యాంటే కదా బాజా, భయంతోనేమో అనుకున్నా!”

వచ్చామా, తోడామా, పోశామా, మళ్లీ వెళ్లామా. రూడిక్ ఒక గొట్టంతో పాతనీళ్లు పెరట్లోకి వదిలాడు, అవి పడ్డచోటే మంచు పొగలు కక్కింది. కొత్తనీళ్ల వేడి చూసి, ఉప్పు చూసి, “ఊఁ, పొయ్యండి” అనేవాడు. కైర్గెల్ది కోటు విప్పేశాడు, చొక్కా విప్పేశాడు, బనీను పిండుకుంటున్నాడు. చివరి పీపా పోశాక అందరం నేలమీద చతికిలబడ్డాం. బాగిలా టీ పోసింది. ఎవరూ తాగలేదు. పగడం వైపు చూస్తూ కూర్చున్నాం. ముడుచుకునే ఉంది. టీ చల్లారింది. రెండోసారి పోసింది.

“తెరిచింది!” కైర్గెల్ది ఎగిరి లేచాడు, టీ గిన్నె ఎగిరి పడింది. “బాజా, తెరిచింది! అదిగో ఆ చివర! ఒక్క చెయ్యి! అదిగో!”

నిజమే. ఒక్క చెయ్యి చాచింది. మూసింది. మళ్లీ చాచింది! వాడు నన్ను పట్టుకుని గట్టిగా ఊపేశాడు. ఇద్దరం ఉప్పునీళ్లలో తడిసి, పిచ్చివాళ్లలా అరుస్తున్నాం. ఆ క్షణంలో వాణ్ణి క్షమించేద్దామనుకున్నాను. దేవుడే కాపాడాడు. వాడే నా చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు: “రేపు నోటరీ తొమ్మిదింటికి తీస్తాడు బాజా. పాస్‌పోర్టు మర్చిపోకు.”

వసంతం వచ్చింది. పిడికిళ్ల పగడం పెరిగి పక్క రాయి ఎక్కింది. మిగిలిన రొయ్య బలిసింది. నేను వారానికోసారి గుప్పెడు పాచి పీకుతాను, చేతులు మళ్లీ జేబులో పెట్టుకుంటాను. నౌరూజ్ పండక్కి అత్తగారు వచ్చింది. గాజు ముందు కూర్చుని “బతికే ఉన్నాయి, ఇంకా పెరిగాయి కూడా!” అని మురిసిపోయి, కోటు జేబులోకి చెయ్యి పోనిచ్చింది. బాగిలా బల్ల మీది గుడ్డ లాగి, గిన్నెలు గలగలమంటుంటే, తొట్టి మీద కప్పేసింది. షాషు గుడ్డ మీద పడి, అక్కణ్ణించి జారి, కైర్గెల్ది నెత్తిన పడింది. వాడు వంగి ఒక్కో నాణెం ఏరుకుని జేబులో వేసుకున్నాడు. వాడి తొట్టి ఇప్పటికీ ఖాళీయే. దాంట్లో బాన్యాకి తెచ్చిన కట్టెలు పెట్టుకున్నాడు. నా పగడంలోంచి ఒక ముక్క ఇమ్మని అడుగుతున్నాడు, సిగ్గులేక. ఇవ్వను. దాచా తిరిగిచ్చినా ఇవ్వను.

అయినా లెక్క లెక్కే కాబట్టి రాసి పెడుతున్నాను. మా సోత్కా అంటే పది మీటర్లకి పది మీటర్లు. కైర్గెల్ది నా దగ్గర కొట్టేసింది ఆరు సోత్కలు, కాపుకొచ్చిన పదకొండు ఆపిల్ చెట్లతో సహా.